తిరిగివచ్చిన సిపాయిని ఊరు ఎట్లు తలచుకొనును?

యుద్ధములో ప్రాణము విడిచినవానికి మన భాషలలో మాటలకు కొదవ లేదు. తెలుగులో వీరస్వర్గము పొందినాడని అందుము, అమరుడైనాడని అందుము. ఉర్దూలో షహీద్ అన్న ఒక్క మాట చాలును. కాని యుద్ధము ముగిసిన పిదప ప్రాణముతో తిరిగివచ్చి, ఇంటి అరుగు మీద కూర్చుండి, పింఛను కాగితము కొరకు ఎదురుచూచువానిని ఏమని పిలువవలెను? ఉర్దూలో ఘాజీ అను పాత మాట ఒకటి కలదు. అది పూర్వపు యుద్ధముల నాటి బిరుదు. నేటి పింఛనుదారును ఎవరును అట్లు పిలువరు. (1971 డిసెంబరులో విశాఖ తీరమున మునిగిన పాకిస్తాను జలాంతర్గామికి ఆ పేరే ఉండెను. ఆ ఘాజీ తిరిగిపోలేదు.) తెలుగులో మనకున్న మాట 'మాజీ సైనికుడు'. ఇందులో 'మాజీ' ఉర్దూనుండి వచ్చినదే. గడచిపోయిన కాలమని దాని అర్థము. ఎదుట కూర్చున్న మనిషిని మనము గడచిపోయినవానిక్రింద జమకట్టి పిలుచుచున్నామన్నమాట.

తెలుగు, ఉర్దూ రెండును చదువుకొను విద్యార్థులకు ఈ సంగతి మీద ఆసక్తి కలుగునని మా నమ్మకము. సైనిక జీవితమునకు సంబంధించిన మన తెలుగు మాటలు చాల భాగము ఆ దారినే వచ్చినవి. సిపాయి, జవాను, హవల్దారు, సుబేదారు, జమాదారు, ఫౌజు, కవాతు — ఇవి అన్నియు పారసీ, అరబ్బీ మూలములనుండి ఉర్దూ ద్వారా మన ఊళ్లకు చేరినవి. లష్కర్ అనగా సైన్యము. గోదావరి కాలువల మీద లాకుల తలుపులు ఎత్తి దించు ఉద్యోగిని మనవారు లస్కరు అనుట అందరమును విన్నదే. ఇచ్చిపుచ్చుకొనుట ఒకవైపే జరుగలేదు. 1857లో ఢిల్లీ నగరవాసులు కంపెనీ సిపాయిలను 'తిలంగే' అని పిలిచినారు. ఇంగ్లీషువారు దక్షిణ దేశములో తొలుత చేర్చుకొన్న సిపాయిలలో తెలుగువారు అనేకులుండుటచేత, పిమ్మట అవధ్‌నుండి వచ్చిన సిపాయికి సైతము ఆ పేరే అంటుకొన్నది. తెలుగువాడు ఉర్దూనుండి సిపాయి అన్న మాట తెచ్చుకొనగా, ఉర్దూ మాటలాడువాడు సిపాయికి తెలుగువాని పేరు పెట్టినాడు.

ఆ తొలి తిలంగాల పేర్లు మనకు తెలియునా? మా అన్నవరమునుండి పిఠాపురము పోవు దారిలోనే, గొల్లప్రోలు సమీపమున, చందుర్తి అను గ్రామమున్నది. 1758 డిసెంబరులో అక్కడ ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని జరిగిన యుద్ధముతో ఉత్తర సర్కారుల భవిష్యత్తు నిర్ణయమైపోయినది. ఇంగ్లీషు సేనాని ఫోర్డు, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్, ఇంగ్లీషువారితో చేతులు కలిపిన విజయనగర ప్రభువు ఆనంద గజపతి — ఈ మూడు పేర్లు చరిత్ర పుస్తకములలో ఉన్నవి. రెండు పక్షములలోను వేలమంది సిపాయిలు పోరాడినారు. వారిలో ఒక్కని పేరైనను పాఠ్యపుస్తకములో మేము చూడలేదు. గెలిచిన దొరను చరిత్ర గుర్తుంచుకొన్నది, ఓడిన దొరను కూడ గుర్తుంచుకొన్నది.

చనిపోయిన వీరుని తలచుకొనుట మాత్రము తెలుగువారికి కొత్త కాదు. ఊరి పొలిమేరలలో, పాత గుడుల ఆవరణలలో కనబడు వీరగల్లులు ఇందుకు సాక్ష్యము. ఆవులమందను కాపాడుచు మరణించినవాడు, దొంగల నెదిర్చి పడిపోయినవాడు, రాజు కొరకు తల యిచ్చినవాడు — వీరి బొమ్మలను రాతి మీద చెక్కి నిలిపినారు. పలనాటిలోని కారెంపూడి చరిత్ర మరియు విశేషమైనది. అక్కడి వీరులగుడియందు ఏటేట కార్తికమాసమున ఆరాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అను పేర్లతో అయిదు దినములు యుద్ధకథను మరల నడిపింతురు. వీరుల ఆయుధములకు పూజ చేయుదురు. ఎనిమిది వందల యేండ్లు దాటినను, ఏ ప్రభుత్వము ఉత్తరువు లేకయే, ఆ ప్రాంతపు జనము ఆ పని చేయుచున్నారు. ఐతే ఇవి అన్నియు పడిపోయినవారి కొరకు ఏర్పడిన మర్యాదలు. తిరిగివచ్చినవానికి వీరగల్లు వేసిన ఊరు అరుదు.

అందుచేతనే మాధవరము మమ్ము ఆకర్షించినది.

మా అన్నవరము స్టేషనులో రైలెక్కి సామర్లకోట, రాజమహేంద్రవరము దాటి, గోదావరి వంతెన మీదుగా కొవ్వూరు, నిడదవోలు గడచినచో తాడేపల్లిగూడెము వచ్చును. ఆ మండలములోనిదే మాధవరము. జిల్లాలో మాధవరము అని మాత్రము చెప్పినచో ఏ మాధవరమని అడుగుదురు. మిలిటరీ మాధవరము అన్నచో మరల ప్రశ్న ఉండదు. ఊరి పేరు ముందు వృత్తి పేరు చేరి స్థిరపడుట మన జిల్లాలలో తరచు జరుగు విషయము కాదు.

ఈ ఊరికి ఈ వృత్తి ఎట్లు వచ్చినదో ఊరివారు చెప్పుకొను కథ ఒకటున్నది. గజపతుల కాలమున సమీపములోని ఆరుగొలనులో కోట యుండెననియు, దాని రక్షణ కొరకు ఉత్తరాంధ్రమునుండి యోధుల కుటుంబములను తీసికొనివచ్చి ఇక్కడ నిలిపినారనియు, మాధవవర్మ పేరిట ఊరికి మాధవరమని పేరు వచ్చినదనియు ఆ కథ. ఇందులో ఎంత చరిత్ర, ఎంత ఐతిహ్యము అన్నది చరిత్రకారులు తేల్చవలసిన విషయము. మాకు ముఖ్యమైనది, ఊరు ఆ కథను విడువకుండ చెప్పుకొనుచుండుట. కోటలు పోయినవి, రాజులు పోయినారు, కొలువు మాత్రము తండ్రినుండి కొడుకునకు వచ్చుచున్నది. మొదట జమీందారు కొలువు, తరువాత కంపెనీ కొలువు, ఆ తరువాత బ్రిటిషు ఇండియా సైన్యము, ఇప్పుడు భారత సైన్యము.

మొదటి ప్రపంచయుద్ధమునకు 90 మంది, రెండవ ప్రపంచయుద్ధమునకు 1,110 మంది ఈ ఊరినుండి వెళ్లినారని మాధవరమువారు చెప్పుకొందురు. పత్రికలలోను ఈ సంఖ్యలే వచ్చుచుండును. స్వాతంత్ర్యానంతరము 1962, 1965, 1971, 1999 యుద్ధములలోను ఈ ఊరి బిడ్డలున్నారు. వెయ్యి దాటిన ఆ రెండవ సంఖ్యను చూచి కొందరు విద్యార్థులు సందేహింపవచ్చును. సందేహించుట మంచిదే. యుద్ధరంగమున తుపాకి పట్టినవారు మాత్రమే సైన్యము కాదని కూడ జ్ఞాపకముంచుకొనవలెను. కంచరగాడిదలను తోలినవారు, వంటవారు, నీరు మోసినవారు, రోడ్లు వేసినవారు, గాయపడినవారిని డోలీలలో మోసినవారు — వీరందరును సైన్యముతో పోయినవారే. ప్రభుత్వము వీరిని వేరే పద్దులో వ్రాసికొన్నది. అమ్మకు మాత్రము కొడుకు మిలిటరీకి పోయినట్లే. ఊరి లెక్క అమ్మ లెక్క వంటిది.

మాధవరములో యుద్ధస్మారకమున్నది. ఢిల్లీలోని అమర్ జవాన్ జ్యోతిని మనసులో పెట్టుకొని నిర్మించినది. రాజధానిలోని కట్టడమును పల్లె అనుకరించినదని నవ్వుటకు వీలు లేదు. ఇండియా గేటు సంగతి తెలిసినవారు నవ్వజాలరు. 1931లో ఆవిష్కరింపబడిన ఆ తోరణము మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కినారు. మొదటి ప్రపంచయుద్ధములో మరణించిన భారతీయులే సుమారు 74 వేలమంది. రాతి మీద చోటు చాలక పోయినదని అనుకొందమన్నను, ఏ పేర్లకు చోటు చాలలేదన్నది అడుగవలసియే యున్నది. ఈ ప్రశ్నకు సమాధానము 2021లో వచ్చినది. ఆనాటి సామ్రాజ్యమంతటా యుద్ధసమాధులను చూచుకొను కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంఘము తానే ఒక నివేదిక ప్రకటించి, మొదటి యుద్ధములో మరణించిన ఆసియా, ఆఫ్రికా దేశీయులలో లక్షకు పైగా మనుష్యులను పేరుతో స్మరింపలేదనియో, అసలే స్మరింపలేదనియో ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. తెల్లవానికి పేరుతో రాయి, నల్లవానికి సంఖ్యతో సరి. ఈ ఒప్పుకోలు రావడానికి నూరేండ్లు పట్టినది. ఆ నూరేండ్లును మాధవరము వంటి ఊళ్లలో తాతల పేర్లు మనుమల నోట ఉన్నవి.

ఐతే మా దృష్టిలో మాధవరపు అసలు స్మారకము ఆ రాతికట్టడము కాదు. ఆ ఊరి యిండ్లలో పతకములు, యూనిఫారము ధరించిన ఛాయాచిత్రములు వచ్చినవారికి కనబడునట్లు ఉంచుదురు. పిల్లలకు మేజరు, కెప్టెను, సుబేదారు అని పేర్లు పెట్టినవారు కూడ ఉన్నారందురు. సైన్యములో ఉన్న వరుడన్నచో పెండ్లి సంబంధము త్వరగా కుదురునని చెప్పుదురు. ఇతర గ్రామములలో మిలిటరీవాడనగానే పిల్ల తల్లిదండ్రులు కొంచెము ఆలోచింతురు కదా, ఇక్కడ విపర్యయము. సెలవు ముగిసి బయలుదేరువాడు ఒంటరిగా బస్సెక్కడు. తిరిగివచ్చి స్థిరపడినవాడు రిటైరైన ఉద్యోగివలె ఒక మూల కూర్చుండడు. దేహదార్ఢ్య పరీక్షకు తయారగు కుర్రవానికి పరుగు నేర్పును, ఏ రెజిమెంటులో చేరవలెనో, ఏ వ్రాతపరీక్షకు ఏమి చదువవలెనో చెప్పును. అతని అనుభవము ఊరికి పనికివచ్చుచున్నది, కనుక అతడు మాజీ కాలేదు. మర్యాద అన్నది పూలమాలలో కన్న పనిలో ఎక్కువ కాలము నిలుచును.

దీనిలో ఆశయమెంతయో అవసరము కూడ అంతయే యున్నదని దాచవలసిన పని లేదు. గోదావరి కాలువ క్రింద పంటభూమి ఉన్నవాడు వేరు, లేనివాడు వేరు. నెలజీతము, పింఛను, పిల్లలకు చదువు — వీటిని చూచియే చాల కుటుంబములు కొడుకులను పంపినవి. ఇందువలన వారి త్యాగము తక్కువ కాదు. దేశభక్తికి ఆకలి లేదని వ్రాయువారు సైనికుల యిండ్లు చూచినవారు కారు.

స్మారకము ఎంత గొప్పదైనను చూచుకొను చేయి లేనిచో ఏమగునో చెప్పుటకు ఒక ఉదాహరణ చాలును. బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ పేరు మన కళాశాల విద్యార్థులకు తెలిసియే యుండును. దేశవిభజన సమయమున పాకిస్తాను సైన్యములో ఉన్నతపదవి లభించు అవకాశమున్నను భారతదేశమునే ఎన్నుకొన్నాడు. నౌషెరాను నిలబెట్టి 'నౌషెరా సింహము' అనిపించుకొన్నాడు. 1948 జూలై 3న ఝంగర్ వద్ద ఫిరంగి గుండుకు బలియైనాడు. మహావీరచక్రము లభించినది. ఢిల్లీలో జామియా మిల్లియా ప్రాంగణమునకు చేరువనున్న ఖబరస్థానులో ఆయనను ఖననము చేసినారు. ప్రధానమంత్రి నెహ్రూ అంత్యక్రియలకు హాజరైనారు. అంతటివాని సమాధి దెబ్బతిని యున్నదని 2020 డిసెంబరులో వార్తలు వచ్చినవి. పిమ్మట సైన్యము దానిని బాగుచేయించినది. వేలాది విద్యార్థులు తిరుగు చోటికి ప్రక్కనే ఈ సంగతి జరిగినది. మహావీరచక్ర గ్రహీతకే ఇట్లు జరిగినచో, పేరులేని లాన్స్‌నాయకు సంగతి చెప్పనేల?

దీనికి ప్రక్కన పెట్టి చూడదగినది ఉత్తరప్రదేశములో గాజీపూరు జిల్లాలోని ధాముపూరు. 1965 సెప్టెంబరు 10న ఖేమ్‌కరణ్ రంగమున శత్రువుల టాంకులను ధ్వంసము చేయుచు మరణించి పరమవీరచక్రము పొందిన హవల్దారు అబ్దుల్ హమీద్ ఆ ఊరివాడు. అతనిది దర్జీల కుటుంబము. ఆ పల్లెలో స్మారకమున్నది, వర్ధంతినాడు జనము చేరుదురు. ఆయన భార్య రసూలన్ బీబీ 2019లో కన్నుమూయు వరకును ఆ సభలకు ఆమెయే ప్రాణముగా నుండెను. వితంతువు ఉన్నన్నాళ్లు జ్ఞాపకమునకు ఒక ముఖము ఉండును. ఆ తరువాత ఊరి వంతు.

ప్రభుత్వము నిర్ణయించిన దినములు మనకు ఉన్నవి. డిసెంబరు 7 సాయుధదళముల పతాకదినము, 1949నుండి జరుపుచున్నారు. పాఠశాలలో చిన్న జెండా గుండీకి గ్రుచ్చుకొని డబ్బాలో నాణెము వేసిన జ్ఞాపకము మనలో చాలమందికున్నది. ఆ సొమ్ము మాజీ సైనికుల, వితంతువుల సంక్షేమమునకు పోవునని ఆనాడు మనకు ఎవరైనను చెప్పినారో లేదో! జనవరి 14ను మాజీ సైనికుల దినముగా ఇటీవలి సంవత్సరములలో జరుపుచున్నారు. తొలి భారతీయ సర్వసేనాని కరియప్ప 1953లో ఆ తేదీన పదవీవిరమణ చేసినారు. ఢిల్లీవారికి అది ఒక తేదీ. మనకు అది భోగియో సంక్రాంతియో. ఏ ఉద్దేశముతో నిర్ణయించినారో గాని, గోదావరి జిల్లాలకు ఇంతకన్న తగిన దినము దొరకదు. ఎక్కడెక్కడి సిపాయిలును సెలవు దొరికినచో ఇంటికి చేరునది అప్పుడే. కొలువులోనున్న కొడుకు, కొలువు ముగించిన తండ్రి ఒక భోగిమంట చుట్టు నిలుచుందురు. సభ పెట్టదలచినవారు వేరే తేదీ వెదకనక్కరలేదు.

సభలకన్న అవసరమైన సంగతులు కొన్ని యున్నవి. సాధారణముగా సిపాయికి పింఛను రావలెనన్నచో పదునైదేండ్ల సర్వీసు ఉండవలెను. రెండవ ప్రపంచయుద్ధమున భారతసైన్యము సుమారు 25 లక్షలకు పెరిగి, యుద్ధము ముగిసిన వెంటనే తరిగిపోయినది. బర్మాలోను, ఇటలీలోను, ఆఫ్రికాలోను నాలుగైదేండ్లు పోరాడిన లక్షలమంది చేతిలో డిశ్చార్జి కాగితముతో, పింఛను లేకుండ ఇంటికి వచ్చినారు. వారికిని వారి వితంతువులకును రాష్ట్ర ప్రభుత్వములు సైనిక సంక్షేమశాఖల ద్వారా నెలసరి సహాయము ఏర్పరచినవి. ఆ సహాయము పొందుటకు కావలసినది మరల ఆ డిశ్చార్జి కాగితమే. ఇల్లు కూలినప్పుడు, వరద వచ్చినప్పుడు, అన్నదమ్ములు వేరుపడినప్పుడు మొదట పోవునది అటువంటి కాగితమే. పతకములు కంసాలి యింటికి పోవును. పెట్టె పాతసామాను కొనువాని బండి మీదికి పోవును.

నేటి పింఛనుదారులకు వేరొక చిక్కు. సంవత్సరమునకు ఒకసారి తాము జీవించియున్నామని నిరూపించు పత్రము దాఖలు చేయవలెను. పూర్వము బ్యాంకుకు పోయి సంతకము చేసిన సరిపోయెడిది. ఇప్పుడు రక్షణశాఖ పింఛనులు 'స్పర్శ్' అను కంప్యూటరు విధానమునకు మారినవి. వ్రేలిముద్రలు అరిగిపోయిన ఎనుబదియేండ్ల వృద్ధుడు యంత్రము ముందు వ్రేలు పెట్టి, అది తనను గుర్తింపక, మరల తుడిచి మరల పెట్టుచుండును. శత్రువు గుర్తించిన మనిషిని యంత్రము గుర్తింపదు. ఈ పనిలో చేయూత నిచ్చుటకు చరవాణి వాడుట తెలిసిన ఒక విద్యార్థి చాలును. ఒక శాలువ కప్పుట కన్న ఇది పెద్ద సన్మానమని మా అభిప్రాయము. శాలువలు ఆ యింట ఇప్పటికే నాలుగున్నవి.

2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకము ఈ విషయమునకు కొత్త ప్రశ్న తెచ్చినది. ఈ పథకము క్రింద చేరినవారి సేవాకాలము నాలుగేండ్లు. వారిలో నూటికి ఇరువదియైదుగురిని మించకుండ సైన్యములో ఉంచుకొందురు. తక్కినవారు సేవానిధి సొమ్ముతో ఇంటికి వత్తురు. వారికి పింఛను లేదు, మాజీ సైనికులను హోదా లేదు. పథకము దేశరక్షణకు మంచిదా కాదా అని తీర్పు చెప్పుట మా పని కాదు. ఊరి జ్ఞాపకము విషయము మాత్రమే అడుగుచున్నాము. అగ్నివీరుడు మరణించినచో ఏమగునో చూచినాము. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలములోని కళ్లితండాకు చెందిన మురళీనాయక్ 2025 మే నెలలో జమ్మూకాశ్మీరు నియంత్రణరేఖ వద్ద ప్రాణములు విడిచినాడు. బంజారాల చిన్న తండా అది. స్వగ్రామమున ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి, మంత్రులు వచ్చినారు, రాష్ట్ర ప్రభుత్వము 50 లక్షల రూపాయలను, అయిదెకరముల భూమిని ప్రకటించినది. తగిన గౌరవమే. కాని అదే తండానుండియో, మాధవరమునుండియో పోయి, నాలుగేండ్లు సరిహద్దులో నిలిచి, ఇరువదిమూడేండ్ల వయసున క్షేమముగా తిరిగివచ్చువాడు ఏమగును? 2022 చివర, 2023 మొదట చేరిన తొలి దళములకు గడువు 2026 చివరినుండి నిండును. ప్రభుత్వ పద్దులో వారికి 'మాజీ' అన్న మాట కూడ దక్కదు. ఊరు తన లెక్కలో వారిని చేర్చునా, విడుచునా? నూరేండ్ల క్రింద కంచరగాడిదలు తోలినవారిని చేర్చిన ఊరు వీరిని విడువదని మా ఆశ.

మా అన్నవరము సిపాయిల ఊరుగా పేరుపడినది కాదు. పంపానది ఒడ్డున రత్నగిరి మీద వెలసిన సత్యదేవుని ఊరు ఇది. ఐనను, సైన్యమునుండి క్షేమముగా వచ్చినందుకు మ్రొక్కు తీర్చుకొనువారు ఈ కొండ ఎక్కుదురు. పురోహితుడు సంకల్పమున గోత్రమును, పేరును అడిగి పైకి చెప్పును. ముసల్మానుల యిండ్లలో షబే బరాత్ రాత్రి ఖబరస్థానుకు పోయి, పెద్దలను తలచుకొని ఫాతెహా చదువుదురు. రెండింటిలోను మనిషి తన పేరుతో దేవుని యెదుట నిలుచుచున్నాడు. పేరు పలుకుట మన ఆచారములలో ఇదివరకే యున్నది. పేరు వ్రాసి పెట్టుటలోనే మనము వెనుకబడినాము. గుడి మెట్టు వేయించిన దాత పేరు రాతి మీద చెక్కుదుము, మస్జిదుకు గడియారమిచ్చినవాని పేరు గోడ మీద వ్రాయుదుము, ఆ వీధిలోనే ఉండిన బర్మా సిపాయి పేరు అతని మనుమనికి కూడ సరిగా తెలియదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు కాకినాడ మీద, విశాఖ మీద బాంబులు వేసిన సంగతి మనలో ఎందరికి తెలియును? యుద్ధము మన గుమ్మములోనికి వచ్చిన దినమది.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. కట్టడమునకు సొమ్ము కావలెను, స్థలము కావలెను, ఆవిష్కరణకు పెద్దలు కావలెను. గ్రంథాలయములో ఒక రిజిస్టరు తెరచుటకు ఇవేవియు అక్కరలేదు. ఈ పనికి మన కళాశాల విద్యార్థులకున్న అర్హత ఇతరులకు లేదని గర్వముగా చెప్పవచ్చును. బ్రిటిషు ఇండియా సైన్యములో చాల దళములకు వాడుకభాష ఉర్దూ. దానిని ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి 'రోమన్ ఉర్దూ' అనెడివారు. సిపాయిలకు అందులో పాఠములు, పరీక్షలు, సర్టిఫికెట్లు ఉండెడివి. తెలుగు తాత పెట్టెలో ఒక ఉర్దూ పరీక్ష సర్టిఫికెటు దొరికినచో ఆశ్చర్యపడనక్కరలేదు. తెలుగు మాత్రమే వచ్చిన మనుమనికి అది అర్థము కాదు. ఉర్దూ మాత్రమే వచ్చినవానికి ఆ తాత చెప్పిన కథ అర్థము కాదు. ఇద్దరును మన తరగతిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు.

వృద్ధుని వద్దకు పోయినప్పుడు ముందుగా యుద్ధమును గూర్చి అడుగరాదు. ఎంతమందిని చంపినారని అసలే అడుగరాదు. ఏ ఊరిలో భర్తీ అయినారు, ఎవరు వెంట వచ్చినారు, మొదటి జీతమెంత, ఇంటికి ఉత్తరము ఎవరు వ్రాసిపెట్టిరి, తిరిగివచ్చిన దినమున స్టేషనుకు ఎవరు వచ్చినారు — ఇట్టివి అడుగవలెను. ఆయన లేనిచో ఆయన భార్యను అడుగవలెను. ఆమెను గూర్చి కూడ వ్రాసికొనవలెను, ఎందుచేతననగా ఆ సంవత్సరములలో ఇంటిని నడిపినది ఆమె. కాగితములను తీసికొనిపోరాదు, అక్కడనే ఛాయాచిత్రము తీసి తిరిగి చేతికీయవలెను. చనిపోయినవారి విషయమైనచో కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంఘమువారి జాబితా ఇప్పుడు అంతర్జాలములో అందరికి అందుబాటులో ఉన్నది. రంగూను స్మారకము మీదనే సుమారు 27 వేల పేర్లున్నవి. భారతీయుల పేర్లకు ఎదుట కొన్ని చోట్ల తండ్రి పేరు, ఊరి పేరు, జిల్లా పేరు కూడ కనబడును. తెలుగు పేర్లను ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి తోచినట్లు వ్రాసియుందురు గనుక ఒకే పేరును నాలుగైదు విధముల వెదకవలెను. ఇంటిపేరు ముందా వెనుకా అన్నది కూడ ఒక చోట ఒక తీరుగ నుండును. సర్వీసు నంబరు తెలిసినచో ఈ బాధ లేదు. అది డిశ్చార్జి పుస్తకములోనే యుండును. సిరా వెలిసినచో పుటను ఏటవాలుగా వెలుతురుకు పట్టి చూడవలెను.